గోల్డెన్ బ్యారెల్ కాక్టస్: నెత్తిన నూగు, మొదట్లో గోధుమ రంగు, కుండీ మట్టి, మే ఎండ

మిద్దెతోట_హన్మకొండ
అందరికీ నమస్కారం. డాబా మీద పెట్టడానికి 25 సెం.మీ. అడ్డుకొలత ఉన్న గోల్డెన్ బ్యారెల్ కొన్నాం. నల్ల ప్లాస్టిక్ కుండీ, లోపలంతా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు). తెలిసినవాళ్ళు వీటికి జవాబు చెప్పగలరా?

నడినెత్తిన లేత పసుపు నూగు దట్టంగా ఉంది. ఇది బూజా? మొదలు చుట్టూ రెండు వేళ్ళ ఎత్తున గోధుమ రంగు తిరిగింది. కుళ్ళు మొదలైనట్టేనా? ఇక్కడ మేలో 43, 44 డిగ్రీలు మామూలే, నీడ పట్టు (షేడ్ నెట్) కట్టాలా? కుండీ మారిస్తే ఏ మట్టి, ఎంత పాళ్ళలో?

ముళ్ళచెట్టు
మిద్దెతోట గారూ, నాలుగు ప్రశ్నలకూ జవాబు ఆ మొక్క కట్టడంలోనే ఉంది. అది అర్థమైతే ఎవరి లెక్కలూ బట్టీ పట్టనక్కర్లేదు.

నూగు బూజు కాదు. గోల్డెన్ బ్యారెల్‌కి పెరిగే మొన ఒక్కటే, అది నడినెత్తిన కొద్దిగా గుంటపడిన చోట ఉంటుంది. ముళ్ళు పుట్టే ప్రతి చుక్కనీ ఏరియోల్ అంటారు. కొత్త ఏరియోల్ బయటికి వచ్చేటప్పుడు నూగుతోనే వస్తుంది. నెత్తిమీద అవన్నీ కిక్కిరిసి ఉంటాయి కాబట్టి నూగంతా కలిసి దిండులా కనిపిస్తుంది. మొక్క లావయ్యేకొద్దీ ఆ ఏరియోళ్ళు పక్కకు జరుగుతాయి, వాటి నూగు రాలిపోతుంది, ముళ్ళు మిగులుతాయి. లేత మొనను ఎండ మాడ్చకుండా, చలి కొట్టకుండా కాపాడేది ఆ నూగే. రేపు మొగ్గలు వచ్చేదీ అందులోంచే. దాన్ని బ్రష్‌తో దులపకూడదు, నూనె పూయకూడదు, దానిమీద నీళ్ళు పోయకూడదు. మొన చచ్చిపోతే గుండ్రటి ఆకారం మళ్ళీ రాదు, పక్కల నుంచి పిలకలు వస్తాయి.

మొదట్లో గోధుమ రంగు సంగతి: పెన్సిల్ వెనకవైపుతో నొక్కి చూడండి. చెక్కలా గట్టిగా, పొడిగా ఉంటే అది బెరడు కట్టడం. బరువంతా మోసే భాగం వయసుతో అలా గట్టిపడుతుంది. రెండు వేళ్ళ ఎత్తంటే 25 సెం.మీ. మొక్కకు సహజమే. వేలు దిగబడేంత మెత్తగా ఉన్నా, తడిగా నిగనిగలాడుతున్నా, దుర్వాసన ఉన్నా, రంగు వారం తిరిగేసరికి పైకి పాకినా అది కుళ్ళు. ఇంకో పరీక్ష, తొడుగు వేసుకుని మొక్కను మెల్లగా అటూ ఇటూ కదపండి. కుండీతో పాటు కదిలితే వేళ్ళు బాగున్నాయి. మొక్క ఒక్కటే ఊగితే వేళ్ళు పోయాయి.

ఎండ, మట్టి గురించి ఇంకో పోస్టులో రాస్తాను.

గోదారిగట్టు
ముళ్ళచెట్టు గారు చెప్పినదానికి ఒక చేర్పు. నూగులో పిండినల్లి (రసం పీల్చే తెల్లటి చిన్న పురుగు) దాక్కుంటే బయటికి తెలీదు, రెండూ లేత రంగులోనే ఉంటాయి. అగ్గిపుల్లతో కొంచెం కదిపితే నూగు పొడి పోగుల్లా వస్తుంది. పిండినల్లయితే నలిగి, పసుపో నారింజో రంగు తడి పుల్లకు అంటుతుంది. కుండీ చుట్టూ చీమలు బారులు కడుతున్నాయంటే పిండినల్లి ఉందనే అనుమానించాలి. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసుకుపోతాయి.

కొద్దిగా ఉంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి, సాయంత్రం పూట ఒక్కొక్కదాన్నీ అద్దండి. అయిదారు రోజుల తేడాతో మూడుసార్లు చేయాలి. గుడ్లు ఒక్కసారికి చావవు. కుండీ మార్చేటప్పుడు వేళ్ళ మీద, కుండీ లోపలి గోడ మీద బూడిద చల్లినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తే అవి వేరు పిండినల్లులు. అప్పుడు మట్టంతా పారేసి, వేళ్ళు కడిగి, ఆరబెట్టాలి. నాటి నీళ్ళు మొదలుపెట్టాక ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు లీటరుకు అర మి.లీ. కలిపి మట్టి తడిసేలా పోయాలి. తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. మొక్క పూతలో ఉన్నప్పుడు ఈ మందు వాడకండి, తేనెటీగలకు విషం.

వేపనూనె పిచికారీ ఈ మొక్కకు నేను సిఫారసు చేయను. నూగు నూనెను పీల్చి పట్టుకుంటుంది, మర్నాటి ఎండకు మొన మాడుతుంది.

ముళ్ళచెట్టు
ఇప్పుడు మట్టి. 25 సెం.మీ. మొక్కకు 30 సెం.మీ. మూతి ఉన్న మట్టి కుండీ చాలు, లోతు 20 నుంచి 25 సెం.మీ. దీని వేళ్ళు లోతుకు పోవు, పైపైన పక్కలకు పాకుతాయి, చిన్న జల్లు పడినా పీల్చుకోవడానికి. లోతు కుండీ పెడితే అడుగున వేరు చేరని మట్టి ఎప్పుడూ తడిగా ఉండిపోతుంది. కుళ్ళు మొదలయ్యేది అక్కడే.

కొలత ఏదైనా ఒక డబ్బాతో:
ఎర్రమట్టి 2 పాళ్ళు
ముతక ఇసుక, 2 నుంచి 4 మి.మీ., 3 పాళ్ళు
ఇటుక ముక్కలు లేదా ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), 5 నుంచి 8 మి.మీ., 4 పాళ్ళు
బాగా మాగిన వర్మీకంపోస్ట్ 1 పాలు

ఇసుకను, ఇటుక ముక్కల్ని తప్పకుండా జల్లించి సన్నపొడి తీసేయాలి. చాలామంది వదిలేసేది ఈ పనినే. మిశ్రమం పాళ్ళు సరిగ్గా ఉన్నా పొడి మిగిలిపోతే అది సందులన్నీ పూడ్చేస్తుంది. ఎం-శాండ్ (రాళ్ళు పొడిచేసిన ఇసుక) అయితే రెండు నీళ్ళకు కడగండి, దాని సన్నపొడి తడిసి ఆరితే గట్టిగా బిగుస్తుంది. సముద్రపు ఇసుక ఉప్పు వల్ల పనికిరాదు. నల్లరేగడి చెంచాడు కూడా వద్దు.

కుండీ నింపాక ఒక లీటరు నీళ్ళు పోసి చూడండి. పోసినవి పోసినట్టు దిగిపోవాలి. పైన అర నిమిషం నిలిచినా ఇసుక, ఇటుక ఇంకా పెంచాలి.

కోకోపీట్ ఎందుకు తీసేయాలంటే, అది తడి ఉన్నంతకాలం వదలదు, పూర్తిగా ఎండితే మళ్ళీ నీళ్ళు పీల్చదు. పైన ఎండినట్టు కనిపిస్తుంది, నడిమి గడ్డ తడిగానే ఉంటుంది. నర్సరీకి అది తేలిక, చవక, అందుకని వాడతారు. మన వానాకాలంలో మాత్రం ఆ గడ్డతోనే వదిలేస్తే మొక్క ఎన్నాళ్ళో నిలవదు.

గోదారిగట్టు
అడుగున రెండంగుళాలు కంకర వేస్తే నీళ్ళు ఇంకా బాగా దిగుతాయి కదా. ఇక్కడ నర్సరీల్లో అందరూ అలాగే చేస్తారు.

ముళ్ళచెట్టు
దిగవండి. సన్న మట్టి కింద ముతక కంకర ఉంటే, పై మట్టి పూర్తిగా నానేదాకా నీరు కంకరలోకి జారదు. కుండీ అడుగున ఉండాల్సిన తడి పొర రెండంగుళాలు పైకి, అంటే వేళ్ళ దగ్గరికి వస్తుంది. కంకర వేసినంత మేర వేళ్ళకు చోటు కూడా తగ్గుతుంది. రంధ్రం మీద చిన్న దోమతెర ముక్క పరిచి, నేరుగా మిశ్రమమే నింపండి. కంకర ఉండాల్సింది పైన. ఒకటి, రెండు సెం.మీ. మందాన మొదలు చుట్టూ పరిస్తే కాండం అడుగు పొడిగా ఉంటుంది, వాన చినుకులకు మట్టి చింది మొదలుకు అంటదు.

గోదారిగట్టు
అర్థమైంది. అయితే కుండీని కూడా ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. డాబా గచ్చుకు ఆనిస్తే రంధ్రం మూసుకుపోతుంది.

అనంత_ఎర్రనేల
నేలలో పెట్టేవాళ్ళ కోసం రాస్తున్నా. ఈ మొక్క సొంత ఊరు మెక్సికోలో కెరెతారో రాష్ట్రం, పక్కనే హిడాల్గో. మోక్తెసూమా నది లోయల్లో నిటారు కొండవాలులు, సముద్ర మట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తు. ఆ మెట్ట ప్రాంతంలో వాన ఏడాదికి సుమారు 400–500 మి.మీ., అదీ ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మా అనంతపురం సగటు 550 మి.మీ. చుట్టుపక్కల. వాన పడే కాలమూ దాదాపు కలుస్తుంది. "ఎడారి మొక్క, వానంటే పడదు" అనే మాట అందుకే సగమే నిజం. అక్కడ పడిన నీరు పడినట్టే రాళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, రాత్రికి గాలి చల్లబడుతుంది. మన దగ్గర నీరు నిలుస్తుంది, రాత్రి కూడా వేడిగానే ఉంటుంది. దీన్ని చంపేది నిలిచిన నీరు, వేడి రాత్రి కలిసిన రోజులు.

నేలలో నాటాలంటే గుంత తీయకండి, దిబ్బ వేయండి. 40 సెం.మీ. ఎత్తు, అడుగున మీటరు వెడల్పు, అన్ని వైపులా వాలు. ఎర్రమట్టి ఒక వంతు, గరుసు, కంకర రెండు వంతులు. మొక్క మొదలు దిబ్బ మట్టం కంటే వేలెడు పైకి ఉండేలా కూర్చోబెట్టి చుట్టూ రాళ్ళు పేర్చాలి. దిబ్బ కుంగుతుంది కాబట్టి మొదట ఆ వేలెడు ఎత్తు ఇవ్వాలి. మొక్కకీ మొక్కకీ మధ్య కనీసం మీటరు వదలండి, పెద్దయ్యాక అడ్డం 80 సెం.మీ. దాకా వస్తుంది. గుంపుగా నాటినవి చూడ్డానికి అందంగా ఉంటాయని దగ్గరదగ్గరగా పెడితే, మధ్యలో కలుపు తీయడానికి చెయ్యి పట్టదు.

డ్రిప్ గొట్టం మొదలు దగ్గర వద్దు. నేలలో వేరు పట్టిన మొక్కకు ఎండాకాలం మూడు వారాలకొకసారి ఒక బకెట్ చుట్టూ పోస్తే చాలు.

బాల్కనీ_పచ్చ
మాది బెంగళూరు, తూర్పు వైపు బాల్కనీ, ఉదయం మూడు గంటలు ఎండ వస్తుంది. ఇది పెరుగుతుందా? పూలు పూస్తుందా? నర్సరీలో అరచేతిలో పట్టేంత మొక్కకు ఎర్ర పూలున్నాయి.

విత్తుమొలక
ఆ ఎర్ర పూలు అంటించినవండి. ఎండు పూలను జిగురుతో నెత్తిన అతికిస్తారు. గోల్డెన్ బ్యారెల్ పూలు పసుపే, నూగులో సగం మునిగి, నెత్తి చుట్టూ వలయంలా వస్తాయి, పొడవు 4 నుంచి 6 సెం.మీ. అవి రావాలంటే మొక్క అడ్డం ఇంచుమించు 35–40 సెం.మీ. చేరాలి, అంటే విత్తనం నుంచి 15–20 ఏళ్ళ మాట. అదీ రోజంతా ఎండ తగిలే చోట. కుండీలో, సగం నీడలో ఉన్నవి చాలావరకు పూయనే పూయవు. అతికించిన పువ్వును పీకకండి, జిగురుతో పాటు చర్మం, మొన ఊడొస్తాయి. రేకులు కత్తిరించి, జిగురును అలాగే వదిలితే మొక్క పెరిగేకొద్దీ అది పక్కకు జరుగుతుంది.

రంగు పూసిన ముళ్ళతో, నీలం గులాబీ రంగుల్లో అమ్మేవి కూడా కొనొద్దు. పెయింటు కింద చర్మం గాలీ వెలుతురూ తీసుకోలేదు.

మూడు గంటల ఎండ చాలదు. కనీసం 5, 6 గంటలు నేరుగా తగలాలి. తక్కువైతే ఏమవుతుందంటే, కొత్త పెరుగుదల లేత పచ్చగా, సన్నగా, పైకి మొనదేలి వస్తుంది. కొత్త ముళ్ళు పల్చగా, తెల్లబారి ఉంటాయి. తర్వాత ఎండలో పెట్టినా ఆ సన్నబడిన భాగం లావెక్కదు, దాని పైన మళ్ళీ లావుగా పెరిగి మెడ పడినట్టు మిగిలిపోతుంది. ఆ బాల్కనీకి హావర్తియా, గాస్టీరియా లాంటివి హాయిగా పెరుగుతాయి.

ముళ్ళచెట్టు
మే ఎండ సంగతి. మిద్దెతోట గారి మొక్క నర్సరీలో నీడ పట్టు కింద పెరిగి ఉంటుంది. ఎండ తట్టుకునే శక్తి దానికుంది, కానీ చర్మం అలవాటు పడాలి. మొదటి వారం ఉదయం 10 దాకా ఎండ, రెండో వారం 12 దాకా, ఆ తర్వాత పూర్తిగా. ఈ పని ఫిబ్రవరిలోనో, వానలు వెళ్ళాక అక్టోబరులోనో చేయాలి. ఏప్రిల్‌లో కొన్న మొక్కను నేరుగా డాబా మీద పెడితే నైరుతి వైపు తెల్లటి మచ్చ వస్తుంది, తర్వాత అది గోధుమ రంగు పెచ్చు కడుతుంది. ఆ మచ్చ జన్మలో పోదు. ప్రాణానికి ముప్పు లేదు, అందం పోతుంది అంతే.

అలవాటైన మొక్కకు కూడా 42 దాటే రోజుల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు 35 లేదా 50 శాతం నీడ పట్టు మంచిది. డాబా మీద గచ్చు, పిట్టగోడ వేడిని తిరగ్గొడతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేళ్ళు ఉడికిపోతాయి. మట్టి కుండీ, దాని చుట్టూ ఇంకో ఖాళీ కుండీ లేదా తడిపి పిండిన గోనె ఉంటే వేళ్ళకు చల్లదనం.

కుండీ మార్చే ముందు ఉత్తరం వైపు ఏదో ఒక గుర్తు పెట్టుకోండి, ముల్లుకు దారం కట్టినా చాలు. కొత్త చోట అదే వైపు ఉత్తరంగా పెట్టాలి. ఇన్నాళ్ళూ నీడ చూసిన వైపు ఒక్కసారిగా పడమటెండకు తిరిగితే అది కాలిపోతుంది.

ఫీనిక్స్_తెలుగు
అరిజోనాలో ఇది ఇళ్ళ ముందు, రోడ్ల పక్కన వరసలుగా కనిపించే మొక్క, కాబట్టి ఇక్కడి వేడి లెక్క మీకు పనికొస్తుంది. 2023 జులైలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43.3 డిగ్రీలు, ఆ పైన నమోదైంది. ఈ నేల మొక్కలైన సగ్వారోలే, అంటే స్తంభాల్లా పెరిగే పెద్ద కాక్టస్‌లే, కొన్ని కూలిపోయాయి. కారణం పగటి ఎండ ఒక్కటే కాదు, రాత్రి చల్లబడకపోవడం. కాక్టస్ పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి బొగ్గుపులుసు గాలిని లోపలికి తీసుకుంటుంది, ఆమ్లంగా దాచుకుని పగటి వెలుతురులో వాడుకుంటుంది. నీరు వృథా కాకుండా అది చేసుకున్న ఏర్పాటు. రాత్రి వేడిగా ఉంటే ఈ పని సరిగ్గా సాగదు, దాచుకున్నది ఖర్చవుతూ ఉంటుంది. అందుకే మండుటెండల్లో మొక్క పెరగడం ఆపేస్తుంది. పెరగని మొక్కకు నీళ్ళు, ఎరువు ఎక్కువిస్తే అవి వాడుకోదు, మట్టిలోనే ఉండిపోతాయి.

కొత్తగా నాటిన గోల్డెన్ బ్యారెళ్ళకు ఇక్కడ మొదటి ఎండాకాలం నీడ గుడ్డ కప్పుతారు. చలి వైపు చూస్తే, మట్టి పొడిగా ఉంటే కాసేపు మైనస్ 6, 7 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, తడిగా ఉంటే అంతకన్నా ముందే నెత్తి దెబ్బతింటుంది. తెలుగు నేల మీద ఆ బెడద ఎక్కడా లేదు. ఆదిలాబాద్ చలి దీనికి ఒక లెక్క కాదు, ఆ రోజుల్లో నీళ్ళు ఆపితే సరి.

మిద్దెతోట_హన్మకొండ
ముళ్ళచెట్టు గారూ, గోదారిగట్టు గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. నొక్కి చూస్తే చెక్కలా గట్టిగానే ఉంది. ఇంత ముళ్ళున్నదాన్ని కుండీలోంచి ఎలా తీయాలి? తీశాక ఎన్నాళ్ళకు నీళ్ళు? ఇక్కడ బోరు నీళ్ళే, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది.

ముళ్ళచెట్టు
25 సెం.మీ. గోళం అంటే సుమారు 8 లీటర్ల ఘనపరిమాణం. లోపలంతా నీరే కాబట్టి మట్టి కాక మొక్కే 7, 8 కిలోలు తూగుతుంది. ఒక్కరే ఎత్తొద్దు.

ముందు పది, పదిహేను రోజులు నీళ్ళు ఆపండి. పొడి గడ్డ తేలిగ్గా ఊడుతుంది, తెగిన వేరు పొడి మట్టిలో కుళ్ళదు. పాత దుప్పటినో గోనెసంచినో నాలుగు మడతలు పెట్టి, పొడవాటి పట్టీలా మొక్క నడుము చుట్టూ తిప్పి రెండు కొసలు పట్టుకోండి. ఇంకొకరు కుండీని పక్కకు వాల్చి, అంచు తట్టి లాగాలి. ప్లాస్టిక్ కుండీ రాకపోతే కోసేయండి, మొక్కను బలంగా లాగితే ముళ్ళు విరుగుతాయి. విరిగిన చోట కొత్త ముల్లు మొలవదు.

కోకోపీట్ గడ్డను చెక్క పుల్లతో అంచుల నుంచి మెల్లగా విడదీయండి. నల్లగా, ఊడొచ్చే వేళ్ళను కత్తిరించండి. నీడలో గాలి తగిలే చోట అయిదు నుంచి ఏడు రోజులు పక్కకు పడుకోబెట్టి ఆరనివ్వండి. తర్వాత పొడి మిశ్రమంలోనే నాటండి, పాత మట్టం కంటే లోతుగా దించకండి. నాటాక ఇంకో వారం, పది రోజులు నీళ్ళు లేవు. మొక్క ఏమీ కాదు, పొట్ట నిండా నీరుంది. గట్ల మధ్య మడతలు కొంచెం లోతుగా దిగబడితే కంగారు పడకండి. ఆ గట్లున్నది అందుకే, నీరు తగ్గితే ముడుచుకుంటాయి, దొరికితే చర్మం పగలకుండా విచ్చుకుంటాయి. పెద్ద మొక్కకు 21 నుంచి 37 గట్లుంటాయి, లావయ్యేకొద్దీ నెత్తి దగ్గర కొత్త గట్టు చేరుతూ ఉంటుంది.

ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. వానల్లో చేయొద్దు.

అనంత_ఎర్రనేల
బోరు నీళ్ళకు జవాబు నేను చెప్తా. తెల్లపొర సున్నం. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి పోస్తే మట్టి క్షారగుణం పెరిగి, ఇనుము ఉన్నా వేరుకు అందదు, కొత్త పెరుగుదల పసుపు తిరుగుతుంది. ఎరువు తక్కువైందని ఇంకా వేస్తే ఇంకా చెడుతుంది. వాన నీళ్ళు పట్టుకున్నవి అన్నిటికన్నా మేలు. లేకపోతే బకెట్ నీళ్ళలో నిమ్మ ఉప్పు చిటికెడు చిటికెడుగా కలుపుతూ పీహెచ్ పట్టీ (ఆమ్ల, క్షార గుణం చూపే కాగితం) 6 నుంచి 6.5 చూపించేదాకా సరిచేయండి. ఒక్కో బోరుకు ఒక్కో మోతాదు పడుతుంది, అందుకే గ్రాముల్లో చెప్పడం లేదు. ఆర్‌ఓ యంత్రం వదిలేసే వ్యర్థపు నీళ్ళు మాత్రం అసలు పోయకండి, ఉప్పులన్నీ అందులోనే చిక్కబడి ఉంటాయి.

పై నుంచి పోస్తే సున్నం ముళ్ళ మీద పేరుకుని బంగారు రంగు బూడిద రంగవుతుంది. కుండీ అంచున, మట్టి మీదే పోయాలి.

గోదారిగట్టు
నీళ్ళకు తేదీలు పెట్టుకోవద్దు. వెదురు పుల్ల ఒకటి కుండీ అడుగుదాకా గుచ్చి ఉంచండి. లాగి చూసినప్పుడు పూర్తిగా పొడిగా ఉంటే ఇంకో రెండు, మూడు రోజులాగి, అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి. రోజూ గ్లాసుడు పోయడం కంటే అరుదుగా నిండా పోయడం మేలు. 30 సెం.మీ. మట్టి కుండీకి అది మార్చిలో వారం, పది రోజులు అవుతుంది, డిసెంబరు, జనవరిలో మూడు, నాలుగు వారాలు. వానాకాలంలో బయట ఉన్నదానికి మనం పోయాల్సింది ఏమీ లేదు. మే మండుటెండలో సాయంత్రం చీకటి పడ్డాకే పోయాలి.

కోస్తావాళ్ళకు ప్రత్యేకంగా: అక్టోబరు నుంచి డిసెంబరు తుఫాను వానలే అసలు గండం. జూన్ వానలు పడి వెలిశాక ఎండ కాస్తుంది, తుఫాను మాత్రం మూడు, నాలుగు రోజులు వదలదు. పారదర్శకమైన పాలికార్బొనేట్ రేకు నెత్తి మీద, నాలుగు పక్కలా గాలి. పాలిథీన్ సంచి కప్పితే లోపల ఆవిరి పట్టి అదే కుళ్ళు తెస్తుంది. తుఫాను సూచన వచ్చినప్పుడు కుండీలు లోపలికి తీసుకోవడం ఇంకా తేలిక, వారం రోజులు చీకట్లో ఉన్నా దీనికేమీ కాదు. వాన వెలిశాక కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదలు చుట్టూ పోయండి.

విత్తుమొలక
విత్తనం గురించి ఎవరూ రాయలేదు. గోల్డెన్ బ్యారెల్ మామూలుగా పిలకలు పెట్టదు, మార్కెట్లో ఉన్నవన్నీ దాదాపు విత్తనం మొక్కలే. ఫిబ్రవరి చివర వేయండి, 25 నుంచి 30 డిగ్రీలు కావాలి. పారదర్శకమైన మూత ఉన్న తినుబండారాల డబ్బా, అడుగున రంధ్రాలు. సన్న ఇసుక, జల్లించిన ఇటుక పొడి ముక్కలు సమానంగా, కాస్త వర్మీకంపోస్ట్, అంతా కుక్కర్ ఆవిరి మీద అరగంట ఉడికించి చల్లార్చాలి. విత్తనాన్ని పైనే చల్లండి, మట్టి కప్పొద్దు, వెలుతురు తగలాలి. డబ్బాను కింద నుంచి నానబెట్టి మూత పెట్టండి. వారం నుంచి మూడు వారాల్లో పచ్చటి చిన్న గుండ్లు లేస్తాయి. మూత నెలన్నర తర్వాత రోజుకింత తెరుస్తూ తీయాలి. ఒక్కసారిగా తీస్తే ఎండిపోతాయి, తీయకుండా ఉంచితే నాచు పట్టి ఊపిరాడదు.

మొదటి ఏడాది సెంటీమీటరు చుట్టుపక్కలే పెరుగుతుంది. పదేళ్ళకు 20 నుంచి 25 సెం.మీ. పిల్ల మొక్కకు గట్లు ఉండవు, విడివిడి బుడిపెలుంటాయి, అందుకని చాలామంది వేరే కాక్టస్ ఇచ్చారని అనుకుంటారు. కొన్నేళ్ళు గడిచాక బుడిపెలు వరసలుగా కలిసి గట్లవుతాయి. చిన్నప్పుడు పెద్ద మొక్కకన్నా కొంచెం ఎక్కువ తడి, పలుచటి నీడ ఇవ్వండి.

బాల్కనీ_పచ్చ
పసుపు ముళ్ళున్న గుండ్రటివి ఇంకా చాలా ఉన్నాయి కదా, కొనేటప్పుడు తేడా పట్టడం ఎలా?

విత్తుమొలక
గోల్డెన్ బ్యారెల్: ముళ్ళు తేనె పసుపు, ఒక్కో ఏరియోల్‌కి చుట్టూ 8 నుంచి 10, మధ్యలో 3 నుంచి 5, కొద్దిగా వంపు ఉన్నా కొక్కెం తిరగవు. నెత్తిన నూగు. ఫెరోకాక్టస్‌ల్లో చాలావాటికి మధ్య ముల్లు కొక్కెంలా వంగి, ఎర్రగా ఉంటుంది, నెత్తిన అంత నూగుండదు. పారోడియా లెనింగ్‌హౌసీ ముళ్ళు కూడా పసుపే గానీ మెత్తగా, వెంట్రుకల్లా ఉంటాయి, మొక్క స్తంభంలా పెరుగుతుంది. తెల్ల ముళ్ళది, పొట్టి ముళ్ళది ఈ జాతిలోనే రకాలు, పెంపకం ఒకటే. మన జెముడు కాక్టస్ కాదు, గీరితే పాలు కారతాయి. కాక్టస్‌ల్లో చాలావాటికి పాలు కారవు, ఏరియోల్ మాత్రం అన్నిటికీ ఉంటుంది.

శాస్త్రీయ నామం పాత పుస్తకాల్లో ఎకినోకాక్టస్ గ్రూసోనీ. జర్మనీలో మాగ్డెబర్గ్ పారిశ్రామికవేత్త హెర్మన్ గ్రూసన్ గొప్ప కాక్టస్ సేకరణ పెంచాడు, ఆయన పేరే పెట్టారు. 2014లో జోయెల్ లోడె దీన్ని క్రోయెన్‌లైనియా అనే వేరే ప్రజాతికి మార్చాడు, మొనాకో ఉద్యానానికి డైరెక్టరుగా చేసిన మార్సెల్ క్రోయెన్‌లైన్ పేరు మీద. విత్తనాల జాబితాల్లో రెండు పేర్లూ నడుస్తున్నాయి, మొక్క ఒకటే.

ఫీనిక్స్_తెలుగు
అమెరికా నుంచి మొక్కో విత్తనాలో పెట్టెలో పెట్టుకుని తెస్తామని అడిగేవాళ్ళుంటారు కాబట్టి ముందే చెప్తున్నా: తేవద్దు. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాల్లో ఉంది, మెక్సికో నుంచి వచ్చే విత్తనాలకు కూడా అనుమతి కావాలి. భారత్‌లోకి మొక్కలు తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. నిజానికి తేవాల్సిన అవసరమే లేదు, మన దేశంలో నర్సరీల్లో కావలసినన్ని దొరుకుతాయి.

ప్రపంచమంతా లక్షల్లో పెరిగే ఈ మొక్క, పుట్టిన చోట మాత్రం అంతరించే ప్రమాదంలో ఉంది. 1990ల్లో మోక్తెసూమా నది మీద సిమాపాన్ ఆనకట్ట కట్టాక దాని లోయలో చాలా భాగం మునిగిపోయింది. అంతకుముందే, ఆ తర్వాతా తవ్వి అమ్ముకోవడం నడిచింది. ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) ఎరుపు జాబితాలో ఇది ప్రమాదంలో ఉన్న జాతి. దూరంగా సకాతెకాస్ రాష్ట్రంలో ఇంకో చోట తర్వాత కనిపించింది, అదీ చిన్నదే. ఇది చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. తోటల్లో ఎన్ని ఉన్నా అవి ఏ కొండవి, ఏ తల్లి మొక్కవి అన్న లెక్క పోయింది. కొండ మీద మిగిలినవాటి బదులు అవి లెక్కకు రావు.

అనంత_ఎర్రనేల
ఇంకో మాట. బ్యారెల్ కోస్తే లోపల తాగే నీళ్ళుంటాయని వీడియోలు తిరుగుతున్నాయి. లోపల ఉండేది జిగురు గుజ్జు, బ్యారెల్ కాక్టస్‌ల్లో చాలావాటి రసం కడుపు తిప్పి వాంతులు తెప్పిస్తుంది. పిల్లలకు చెప్పండి.

ముల్లు గుచ్చుకుంటే వెంటనే పట్టకారుతో నిటారుగా లాగాలి. నాగజెముడుకుండే కంటికి కనపడని సన్న నూగుముళ్ళు దీనికి లేవు, అది నయం. వేలి కీలు దగ్గర లోపల విరిగితే ఇంట్లో తవ్వకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అలా మిగిలిన ముక్క వారాల తర్వాత కీలు వాచేలా చేస్తుంది.

మిద్దెతోట_హన్మకొండ
చివరిగా ఒకటి. ఎరువు ఎప్పుడు, ఎంత? పొరపాటున కుళ్ళు వస్తే కోసి బతికించవచ్చా?

ముళ్ళచెట్టు
ఎరువు: కొత్త మిశ్రమంలో నాటిన మొదటి ఏడాది అక్కర్లేదు. తర్వాత ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఒక్కోసారి, 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు) లీటరుకు ఒక గ్రాము, తడి మట్టి మీద. నత్రజని ఎక్కువైతే కణజాలం మెత్తబడి చర్మం నిలువునా పగులుతుంది, ఆ పగులే కుళ్ళుకు దారి. పశువుల ఎరువు, జీవామృతం ఈ కుండీలో వద్దు.

కుళ్ళు: మొదట్లో మెత్తదనం కనిపించిన రోజే బయటికి తీయాలి. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో కింద నుంచి పలచగా చక్రాల్లా కోసుకుంటూ పోండి, ప్రతి కోతకూ కత్తి తుడవాలి. మధ్యలో కనిపించే వలయమే నీటి నాళాలు. అందులో ఒక్క నారింజ చుక్క ఉన్నా ఇంకా పైకి కోయాలి, పూర్తిగా తెల్లటి పచ్చదనం వచ్చేదాకా. అంచులను చుట్టూ ఏటవాలుగా చెక్కండి, లేకపోతే ఆరినప్పుడు మధ్య భాగం లోపలికి లాక్కుని వేరు నేలకు తగలదు. కోతకు గంధకం పొడి అద్ది, నీడలో మూడు, నాలుగు వారాలు ఆరబెట్టి, పొడి ఇటుక ముక్కల మీద కూర్చోబెట్టండి. 10 సెం.మీ. లోపు మొక్కలకు వేరు వస్తుంది. 25 సెం.మీ. దానికి నెలలు పట్టొచ్చు, రాకనూ పోవచ్చు, అయినా ప్రయత్నించదగ్గదే. కుళ్ళు నెత్తి నుంచి మొదలై మొదలు బాగుంటే చెడిన నెత్తిని కోసేసి మొదలును కుండీలోనే ఉంచండి. అది ఆరాక, కోతకు దగ్గరి ఏరియోళ్ళ నుంచి పిలకలు వస్తాయి. అవి 4, 5 సెం.మీ. అయ్యాక విడదీసి, వారం ఆరబెట్టి నాటుకోవచ్చు.